ఉకాయ్ అంకె తెలుసు, కాక్రాపార్ అంకె తెలియదు

వర్షాకాలం మొదలైతే చాలు, అడాజన్‌లో ఒక అంకె అందరి నోటా వినిపిస్తుంది. పాలవాడికి అది తెలుసు. అపార్ట్‌మెంట్ కాపలాదారుకు తెలుసు. బడికి వెళ్ళే పిల్లలకూ తెలుసు. అది ఉకాయ్ జలాశయం నీటిమట్టం. పూర్తి మట్టం 345 అడుగులు. ఈ రోజు ఎంత ఉంది, ఎంత నీరు వస్తోంది, ఎంత వదులుతున్నారు అన్న వివరాలను గుజరాతీ పత్రికలు ఉదయమే అచ్చు వేస్తాయి. ఫోన్లలో అవి అంతకంటే ముందే తిరుగుతాయి. తాపీ నది పడమటి ఒడ్డున ఉన్న ఈ సూరత్ శివారు, ఒకప్పుడు పల్లె, ఇప్పుడు మధ్యతరగతి మేడల పేట. ఇక్కడి జనం నదిని చూసి కాదు, ఆ అంకెను చూసి నిద్రపోతారు.

అదే నది వెంట ఎగువకు, సూరత్ నుంచి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, ఉకాయ్ ఆనకట్టకు దిగువన కాక్రాపార్ అణు విద్యుత్ కేంద్రం ఉంది. అక్కడ నాలుగు రియాక్టర్లు పనిచేస్తున్నాయి. 220 మెగావాట్లవి రెండు, 700 మెగావాట్లవి రెండు. మొదటిది 1993లో, రెండవది 1995లో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టాయి. మూడవది 2023లో, నాలుగవది 2024లో వాటికి తోడయ్యాయి. 2024 ఫిబ్రవరి 22న ప్రధానమంత్రి స్వయంగా వచ్చి కొత్త రియాక్టర్లను జాతికి అంకితం చేశారు. అయితే ఆ కేంద్రానికి సంబంధించిన ఒక్క అంకె కూడా అడాజన్‌లో ఎవరికీ తెలియదు. ఉకాయ్ గురించి ఇంత తెలిసినవారికి కాక్రాపార్ గురించి ఏమీ తెలియకపోవడం యాదృచ్ఛికం కాదు. దాని వెనుక ముప్ఫై ఏళ్ళ చరిత్ర ఉంది.

అడాజన్‌లోని ఒక మేడలో నాలుగో అంతస్తులో ఒక తెలుగు పెద్దాయన ఉంటారు. సిరిసిల్ల నుంచి మరమగ్గాల పనికి సూరత్ చేరిన వేలాది పద్మశాలీలలో ఆయన ఒకరు. యౌవనమంతా లింబాయత్ వైపు మగ్గాల చప్పుడులో గడిచింది. కొడుకు హజీరాలో ఉద్యోగంలో కుదిరాక అడాజన్‌కు వచ్చారు. మనుమరాలు గుజరాతీ మాధ్యమంలో చదువుకుంటుంది, ఇంట్లో తెలంగాణ తెలుగే మాట్లాడుతుంది. టీవీలో కాక్రాపార్ ప్రారంభోత్సవం చూసిన రోజు ఆ పిల్ల, “తాతా, అది ఫటాకా లెక్క పేలుతదా?” అని అడిగింది. ఆయన కాసేపు ఆలోచించి, “పేలుడు గాదు బిడ్డా, నీళ్ళు ఆగితేనే భయం. నీళ్ళు ఆగినయని మనకు ఎవరు జెప్తరన్నది ఇంకో భయం” అన్నారు. ఆయన చదివింది ఏడో తరగతి. కానీ అణు భద్రత అనే శాస్త్రంలోని రెండు అధ్యాయాలూ ఆ రెండు మాటల్లో ఉన్నాయి.

మొదటి మాట శాస్త్రానికి సంబంధించినది. కాక్రాపార్‌లో ఉన్నవి భారజల రియాక్టర్లు. వీటి ఇంధనం సహజ యురేనియం. అందులో విచ్ఛిత్తి చెందే యురేనియం-235 వాటా కేవలం 0.7 శాతం. ఒక న్యూట్రాన్ తగిలి ఆ పరమాణువు చీలినప్పుడు వేడి పుడుతుంది, మరో రెండు మూడు న్యూట్రాన్లు వెలువడుతాయి. వాటి వేగాన్ని తగ్గిస్తేనే అవి తరువాతి పరమాణువును చీల్చగలవు. ఆ వేగాన్ని తగ్గించే పని భారజలానిది. 220 మెగావాట్ల రియాక్టర్‌లో 306 గొట్టాలు అడ్డంగా అమర్చి ఉంటాయి. ఇంధన కట్టలు వాటిలో వరుసగా కూర్చుంటాయి. వాటి మీదుగా భారజలం ప్రవహిస్తూ వేడిని మోసుకుపోతుంది. దాని ఉష్ణోగ్రత దాదాపు 290 డిగ్రీలు, పీడనం మామూలు వాతావరణ పీడనానికి 80 రెట్లకు పైన. ఆ వేడితో మరో వలయంలోని మామూలు నీరు ఆవిరై టర్బైన్‌ను తిప్పుతుంది. చివరికి జరిగేది బొగ్గు కేంద్రంలో జరిగేదే. నీరు కాగడం, చక్రం తిరగడం.

ఇంత తక్కువ గాఢత గల ఇంధనంతో అణుబాంబు మాదిరి విస్ఫోటనం జరగడం భౌతికశాస్త్రం ప్రకారమే అసాధ్యం. పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు అదే. అసలు ప్రమాదం వేరే చోట ఉంది. బొగ్గు పొయ్యిని ఆర్పితే ఆరిపోతుంది. రియాక్టర్‌ను ఆపినా పూర్తిగా ఆరదు. నియంత్రణ కడ్డీలు లోపలికి పడిన క్షణాల్లోనే విచ్ఛిత్తి ఆగుతుంది గాని, అప్పటికే పుట్టిన రేడియోధార్మిక శకలాలు వేడిని వెదజల్లుతూనే ఉంటాయి. ఆపిన వెంటనే ఆ వేడి పూర్తి సామర్థ్యంలో ఆరేడు శాతం ఉంటుంది. 220 మెగావాట్ల విద్యుత్తు ఇచ్చే రియాక్టర్ లోపల పుట్టే వేడి 750 మెగావాట్ల పైమాటే. అందులో ఆరు శాతమంటే 45 మెగావాట్లు. ఒక రోజు గడిచాక కూడా నాలుగు మెగావాట్ల ప్రాంతంలో మిగులుతుంది. రెండు వేల విద్యుత్ పొయ్యిలు ఒకే గదిలో, ఆర్పే మీట లేకుండా మండుతున్నట్లు ఊహించుకోవచ్చు. ఆ వేడిని తీసుకుపోవడానికి నీరు కావాలి, ఆ నీటిని తోయడానికి పంపులు కావాలి, పంపులకు కరెంటు కావాలి. కరెంటును తయారుచేసే కేంద్రమే కరెంటు లేకపోతే కష్టంలో పడుతుందన్నది అణు విద్యుత్తులోని విచిత్ర సత్యం.

1979లో అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్‌లో ఇంధనం కరిగింది ఈ వేడి వల్లనే. 2011 మార్చి 11న జపాన్‌లోని ఫుకుషిమాలో భూకంపం రాగానే రియాక్టర్లు సక్రమంగా ఆగిపోయాయి. తరువాత వచ్చిన సునామీ డీజిల్ జనరేటర్లను ముంచింది. పంపులు ఆగాయి. ఇంధనపు తొడుగులోని జిర్కోనియం ఆవిరితో కలిసి హైడ్రోజన్ పుట్టింది. భవనాల కప్పులు ఎగిరింది ఆ హైడ్రోజన్ వల్ల. 1986 నాటి చెర్నోబిల్ కథ వేరు. అక్కడ రూపకల్పనలోనే లోపం ఉంది, రియాక్టర్‌ను అదుపు తప్పేంత వరకు తీసుకువెళ్ళిన ప్రయోగం జరిగింది. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి భయపెట్టడం న్యాయం కాదు. కానీ మూడింటిలోనూ జనానికి నిజం ఆలస్యంగానో అరకొరగానో చేరింది.

మన దేశంలోనూ ఫుకుషిమాకు చిన్న పూర్వరంగం జరిగింది. 1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరాలో టర్బైన్ రెక్కలు విరిగి మంటలు లేచాయి. తంత్రులు కాలిపోయి కేంద్రం మొత్తం సుమారు 17 గంటల పాటు విద్యుత్తు లేకుండా ఉండిపోయింది. సిబ్బంది చీకట్లో, పొగలో పైకి ఎక్కి, రియాక్టర్ మళ్ళీ రగలకుండా చేతులతో కవాటాలు తెరిచి బోరాన్ ద్రావణాన్ని వదిలారు. మంటలార్పే డీజిల్ పంపులతో నీరు పంపారు. ఆ రాత్రి దేశాన్ని కాపాడినవారి పేర్లు పాఠ్యపుస్తకాల్లో లేవు. పెద్దాయన చెప్పిన రెండో మాట ఇక్కడినుంచే మొదలవుతుంది.

నరోరా తరువాత ఏడాదికి కాక్రాపార్ వంతు వచ్చింది. 1994 జూన్ మధ్యలో దక్షిణ గుజరాత్‌లో కుండపోత వాన కురిసింది. కేంద్రం పక్కన ఉన్న మోతీచేర్ చెరువు నిండింది. నీరు బయటికి పోవలసిన తలుపులు తెరుచుకోలేదు. తంత్రుల కాలువల గుండా, సరిగా మూయని సందుల గుండా వరద టర్బైన్ భవనంలోకి జొరబడింది. పరికరాలు మునిగాయి. అదృష్టవశాత్తు మొదటి యూనిట్ ఆ సమయంలో పనిచేయడం లేదు. రెండవది ఇంకా మొదలే కాలేదు. తమ ఇళ్ళు మునుగుతాయన్న భయంతో చుట్టుపక్కల గ్రామస్థులు చెరువు కట్టను తెంచడంతో నీరు తీసిందని ఉద్యమకారుల రచనలు చెబుతాయి. అణుకేంద్రపు వరదను ఆదివాసీలు గడ్డపారలతో తగ్గించారన్నమాట.

ఈ సంగతి బయటికి వచ్చిన తీరు అంతకంటే ముఖ్యమైనది. కేంద్రంలో చిన్న ఉద్యోగి, ఉద్యోగ సంఘం నాయకుడు అయిన మనోజ్ మిశ్రా ‘గుజరాత్ సమాచార్’ పత్రికకు లేఖ రాశారు. అది అదే నెలలో అచ్చయింది. ఆయనను సస్పెండ్ చేశారు, విచారణ జరిపారు, చివరకు ఉద్యోగంనుంచి తొలగించారు. ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2013 ఏప్రిల్‌లో న్యాయస్థానం ఆయన అప్పీలును కొట్టివేసింది. ఆయన ఇంజనీరు కాడు, అణు కేంద్రాల పనితీరులో నిపుణుడు కాడు, కనుక ప్రజాప్రయోజనం కోసం గుట్టు విప్పినవాడిగా పరిగణించలేమన్నది తీర్పు సారాంశం. ఉద్యోగి ప్రవర్తనా నియమావళి కోణంలో ఆ తీర్పుకు దాని తర్కం ఉంది. కానీ నియమావళికి బయట నిలబడి చూస్తే ఒక ప్రశ్న మిగిలిపోతుంది. నీరు భవనంలోకి వచ్చిందని చెప్పడానికి ఇంజనీరే కావాలా? వరద వచ్చిన మాట వాస్తవం. అణుశక్తి నియంత్రణ మండలి రికార్డుల్లోనూ అది ఉంది. ఆ వరద పాఠంతోనే తరువాత కేంద్రంలో మార్పులు చేశారు. పాఠం నిలిచింది, పాఠం చెప్పినవాడికి మాత్రం ఉద్యోగం పోయింది.

ఆ వరద వచ్చిన మూడు నెలలకు, 1994 సెప్టెంబరులో, సూరత్‌లో ప్లేగు వార్త పుట్టింది. తాపీకి ఇవతల వేడ్ రోడ్డు ప్రాంతంలో మొదలైన మరణాల కబురు గంటల్లో నగరమంతా పాకింది. ఏది నిజం, ఎందరు పోయారు, మందు ఏది అన్న ప్రశ్నలకు నమ్మదగిన జవాబు ఎవరూ చెప్పలేదు. లక్షలాది మంది కొద్ది రోజుల్లోనే నగరం విడిచి పారిపోయారు. రైళ్ళు, బస్సులు కిక్కిరిశాయి. ప్రైవేటు వైద్యులు కూడా అనేకులు క్లినిక్‌లు మూసి వెళ్ళిపోయారు. వలస కూలీలు వ్యాధిని తమ ఊళ్ళకు మోసుకుపోతారన్న భయం దేశమంతా వ్యాపించింది. చివరికి మరణాలు పదుల సంఖ్యకే పరిమితమయ్యాయి. భయం మాత్రం లక్షలమందిని కదిలించింది. సిరిసిల్ల పెద్దాయన కూడా భార్యాబిడ్డలతో ఆ రైలెక్కినవారే. “రోగం కంటే ముందు మాట పాకింది. మాటకు మందు లేకపోయింది” అని ఇప్పటికీ అంటారు.

దాని తరువాత సూరత్ మారింది. 1995లో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు అధికారులను రోజూ వీధుల్లోకి పంపారు. ఆసుపత్రుల నుంచి, ప్రైవేటు వైద్యుల నుంచి జబ్బుల లెక్కలు రోజువారీగా తెప్పించే పద్ధతి నెలకొంది. రెండేళ్ళ లోపే మురికికి మారుపేరైన నగరం దేశంలోని పరిశుభ్ర నగరాల సరసన నిలిచింది. చీపురు ఒక్కటే ఆ పని చేయలేదు. లెక్క దాచకూడదన్న నియమం కూడా చేసింది.

అదే పాఠం 2006లో మరోసారి నేర్చుకోవలసి వచ్చింది. ఆ ఆగస్టులో ఉకాయ్ నుంచి సుమారు 9 లక్షల క్యూసెక్కుల దాకా నీరు వదిలారు. సూరత్‌లో అత్యధిక భాగం మునిగింది. అడాజన్, రాందేర్ ప్రాంతాల్లో మొదటి అంతస్తు దాకా నీరు నిలిచింది. జలాశయాన్ని ముందుగా ఎందుకు ఖాళీ చేయలేదు, వదిలే నీటి గురించి ముందే గట్టిగా ఎందుకు హెచ్చరించలేదు అన్న కోపం నగరాన్ని కుదిపింది. ఆ కోపం వృథా పోలేదు. ఈ రోజు ఉకాయ్ అంకె పాలవాడికి కూడా తెలిసిందంటే, అది 2006లో మునిగినవారు సంపాదించిన హక్కు. ప్రభుత్వం దయతో ఇచ్చింది కాదు.

కాక్రాపార్ విషయంలో అటువంటి హక్కు ఇంకా పుట్టలేదు. 2016 మార్చి 11న, ఫుకుషిమాకు సరిగ్గా ఐదేళ్ళు నిండిన ఉదయం 9 గంటల ప్రాంతంలో, మొదటి యూనిట్‌లో ఒక శీతలీకరణ గొట్టం నుంచి భారజలం కారింది. రియాక్టర్ తనంతట తాను ఆగింది. కేంద్రంలో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. అత్యవసర శీతలీకరణ వ్యవస్థలు పనిచేశాయి. బయటి పరిసరాల్లో రేడియేషన్ మోతాదు పరిమితులను దాటలేదని నియంత్రణ మండలి ప్రకటించింది. ఈ ప్రకటనను అనుమానించడానికి ఆధారాలు లేవు. ఉద్యోగులు తమ పని సమర్థంగా చేశారనే చెప్పాలి. అయితే ఆ గొట్టాన్ని బయటి వైపు నుంచి తుప్పు తిన్నదని తరువాతి పరిశీలనలో తేలింది. 2015 జూలైలో రెండవ యూనిట్‌లోనూ ఇటువంటి గొట్టమే కారింది. గొట్టం లోపలి వైపు తినుకుపోవడం మీద అందరి దృష్టీ ఉండగా, చెడు బయటి వైపునుంచి వచ్చింది. రెండు రియాక్టర్లలోనూ గొట్టాలన్నీ మార్చవలసి వచ్చింది. రెండవది 2018లో, మొదటిది 2019లో మళ్ళీ పనిలోకి వచ్చాయి.

ఆ గొట్టాల కథలో తెలుగు నేల వాటా కూడా ఉంది. రియాక్టర్ల ఇంధన కట్టలు, జిర్కోనియం గొట్టాలు తయారయ్యేది హైదరాబాద్ శివార్లలోని న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లో. గోదావరి ఒడ్డున మణుగూరులో భారజల కర్మాగారం ఉంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. అడాజన్ నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు హజీరా చేరుతుంది. అక్కడా ఒక భారజల కర్మాగారం ఉంది, అణు రియాక్టర్లకు భారీ పరికరాలు తయారుచేసే ఎల్ అండ్ టీ కర్మాగారమూ ఉంది. పెద్దాయన కొడుకు రోజూ ఆ దారినే పనికి వెళ్తాడు. కనుక కాక్రాపార్ ఎవరిదో పరాయి యంత్రం కాదు. ఈ ఇంటి అన్నంలోనూ దాని గింజ ఉంది. ప్రశ్న అడిగేవారంతా అణు విద్యుత్తుకు శత్రువులన్న ముద్ర వేయడం తేలిక గాని, తమ చేతులతో దానిని కడుతున్నవారి ఇంట్లోనే ఆ ప్రశ్న పుడుతోంది.

అణు విద్యుత్తు పక్షాన చెప్పవలసినవి గట్టిగానే ఉన్నాయి. అది నడిచేటప్పుడు పొగ వదలదు. బొగ్గు కేంద్రాల బూడిద, ధూళి ఏటా ఎందరి ఊపిరి తీస్తున్నాయో లెక్కిస్తే, అణు కేంద్రాల లెక్క దానికి దరిదాపుల్లో ఉండదు. అణు కేంద్రం వల్ల సాధారణ పౌరుడికి అదనంగా అందే మోతాదు ఏటా ఒక మిల్లీసీవర్ట్‌ను మించరాదన్నది పరిమితి. ప్రకృతినుంచే మనిషికి ప్రపంచ సగటున దాదాపు 2.4 మిల్లీసీవర్ట్‌లు అందుతాయి. కొత్త 700 మెగావాట్ల రియాక్టర్లలో పంపులు ఆగినా కొంతకాలం వేడిని తొలగించే ఏర్పాటు ఉంది. లోపలి కవచానికి ఉక్కు తొడుగు ఉంది. ఇంత మంచి లెక్కలున్న సంస్థ వాటిని జనం ముందు పరచడానికి ఎందుకు వెనుకాడుతుందన్నదే అర్థం కాని విషయం. వార్షిక నివేదికలు ఉన్నాయి. అవి ఇంగ్లిష్‌లో, హిందీలో, ఏడాది గడిచాక వస్తాయి. వ్యారా బస్టాండ్‌లో నిలబడే గామీత్, చౌధరీ ఆదివాసీ స్త్రీకి వాటిలో ఒక్క పుట కూడా అందదు.

అత్యవసర ప్రణాళిక పరిధి కేంద్రం చుట్టూ 16 కిలోమీటర్లు. అడాజన్ ఆ గీతకు ఎంతో బయట ఉంది. లోపల ఉన్నవి ప్రధానంగా ఆదివాసీ గ్రామాలు. ఉకాయ్ జలాశయం కోసం ఊళ్ళు పోగొట్టుకున్న సమాజాలు ఇదే తాపీ లోయవి. ప్రమాదం వస్తే ఇంట్లో ఉండాలా, బయటికి రావాలా, పాలు తాగించవచ్చా, అయొడిన్ మాత్ర ఎప్పుడు మింగాలి, బస్సు ఏ చెట్టు కింద ఆగుతుంది అన్నవి వారికి నిద్రలో లేపి అడిగినా తెలియాలి. ప్రణాళిక కలెక్టరు కార్యాలయంలో ఉండవచ్చు. విన్యాసాలూ జరుగుతూ ఉండవచ్చు. కానీ భద్రత కొలత అల్మారాలోని దస్త్రం కాదు, గుడిసెలోని జ్ఞాపకం.

ఇక ఢిల్లీ సంగతి. నియంత్రణ మండలి 1983లో ఒక ప్రభుత్వ ఉత్తర్వుతో పుట్టింది. తాను ఎవరిని అదుపు చేయాలో వారే ఉన్న అణుశక్తి సంఘానికి జవాబుదారీగా దశాబ్దాల పాటు నడిచింది. 1990ల మధ్యలో దాని అధ్యక్షుడిగా ఉన్న ఎ. గోపాలకృష్ణన్ హయాంలో దేశంలోని అణు సంస్థల్లో సుమారు 130 భద్రతా సమస్యలను గుర్తిస్తూ ఒక నివేదిక తయారైంది. దానిని బయటపెట్టాలని పౌరహక్కుల సంఘం కోర్టులకెక్కింది, ఫలితం దక్కలేదు. స్వతంత్ర నియంత్రణ సంస్థ కోసం 2011లో తెచ్చిన బిల్లు 2014లో లోక్‌సభతో పాటే మురిగిపోయింది. మధ్యలో 2012లో కాగ్ కూడా మండలికి స్వతంత్రత లేదని ఎత్తిచూపింది. ఒక ప్రభుత్వం కాదు, వరుసగా వచ్చిన ప్రభుత్వాలన్నీ ఈ విషయంలో ఒకే గోత్రం.

2025 బడ్జెట్‌లో 2047 నాటికి లక్ష మెగావాట్ల అణు విద్యుత్తు లక్ష్యమని ప్రకటించారు. ఇప్పుడున్నది 9 వేల మెగావాట్ల లోపే. ఆ ఏడాది డిసెంబరులో పార్లమెంటు ‘శాంతి’ అనే పొట్టి పేరుతో కొత్త చట్టం చేసింది. 1962 నాటి అణుశక్తి చట్టం, 2010 నాటి పరిహార బాధ్యత చట్టం రెండింటినీ అది తొలగించింది. ప్రైవేటు సంస్థలకు రియాక్టర్లు నడిపే తలుపు తెరిచింది. నియంత్రణ మండలికి చట్టబద్ధ హోదా ఇచ్చింది. ఇది మేలైన అడుగే, చాలా ఆలస్యంగా పడింది. కానీ లోపపు పరికరం అమ్మినవాడిని నిలదీసే వీలు కల్పించిన పాత 17(బి) సెక్షన్ కొత్త చట్టంలో లేదు. అణు సమాచారాన్ని నియంత్రిత సమాచారంగా ప్రకటించి సమాచార హక్కు చట్టానికి అందకుండా ఉంచే వీలును మాత్రం ప్రభుత్వం తన చేతిలో పెట్టుకుంది. ఆయుధాల రహస్యం రహస్యంగా ఉండాలన్నదానిపై ఎవరికీ పేచీ లేదు. విద్యుత్ కేంద్రంలో కారిన గొట్టం ఆయుధ రహస్యం కాదు. లాభం కోసం నడిచే సంస్థ రంగంలోకి వచ్చాక, చెడ్డవార్తను దాచడానికి జాతీయ భద్రతతో పాటు వాటా ధర కూడా కారణమవుతుంది.

దీని తాకిడి తెలుగువారికి మరీ దగ్గర. గుజరాత్‌లోని భావ్‌నగర్ జిల్లా మిఠీ విర్డీ వద్ద వెస్టింగ్‌హౌస్ సంస్థ రియాక్టర్లు ఆరు పెట్టాలని తొలుత తలపెట్టారు. సారవంతమైన తమ తోటలు ఇవ్వబోమని అక్కడి రైతులు ఏళ్ళ తరబడి నిలబడ్డారు. భూమి దొరకక 2016లో ఆ ప్రాజెక్టును శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడకు మళ్ళించారు. గుజరాత్ రైతు కాదన్నది ఉత్తరాంధ్ర మత్స్యకారుడి ముంగిటికి వచ్చింది. బతుకుదెరువుకు గుజరాత్ తీరంలోని వేరావల్ దాకా వలస వచ్చి పడవలెక్కేది కూడా ఆ శ్రీకాకుళం మత్స్యకారులే. అక్కడ తలపెట్టినవి ఒక్కొక్కటి 1208 మెగావాట్ల ఏపీ-1000 రియాక్టర్లు. కరెంటు పోయినా మూడు రోజుల పాటు పైనున్న తొట్టిలోని నీటితో చల్లబడేలా వాటిని రూపొందించారు. ఆ విద్య మెచ్చుకోదగినదే. అయితే కొవ్వాడ ప్రజలు రియాక్టర్ నమూనా గురించి మాత్రమే ఆలోచిస్తే చాలదు. కాక్రాపార్ చరిత్రను చదవాలి. రియాక్టర్ ఎలా పనిచేస్తుందన్న ప్రశ్నకు తోడు, అది పనిచేయని రోజున తమకు ఎవరు, ఏ భాషలో, ఎన్ని నిమిషాల్లో చెబుతారన్న ప్రశ్నను భూమి ఇవ్వకముందే అడగాలి.

కోరవలసినది పెద్దదేమీ కాదు. నాలుగు రియాక్టర్లలో ఏది నడుస్తోంది, ఏది ఆగింది, ఎందుకు ఆగింది. కేంద్రం కంచె దగ్గర, వ్యారాలో, మాండ్వీలో రేడియేషన్ మోతాదు ఈ ఉదయం ఎంత. ఈ నెలలో నమోదైన లోపాలు ఏవి. ఈ వివరాలు గుజరాతీలో, రోజూ, ఉకాయ్ మట్టం పక్కనే అచ్చు కావాలి. రేపు కొవ్వాడ కట్టితే అవి తెలుగులో అచ్చు కావాలి. లోపం గురించి చెప్పిన ఉద్యోగిని, అతడు ఇంజనీరైనా కాకపోయినా, చట్టం కాపాడాలి. వీటిలో ఏ ఒక్కటీ రియాక్టర్ ఖరీదును పెంచదు. ఏ శత్రుదేశానికీ పనికిరాదు.

రోజూ అచ్చయ్యే అంకె ఎక్కువ రోజులు విసుగు పుట్టిస్తుంది. ఉకాయ్ అంకె కూడా ఏడాదిలో పది నెలలు ఎవరూ చదవరు. కానీ అది అక్కడ ఉందన్న నమ్మకంతోనే అడాజన్‌లో వానరాత్రి దీపాలు ఆర్పుకొని పడుకుంటారు. నాలుగో అంతస్తులోని పెద్దాయన ఉదయం పత్రిక విప్పి మనుమరాలి చేత ఆ అంకె చదివిస్తారు. పిల్ల చదివి, “ఇంకా పదకొండు అడుగులుంది తాతా” అంటుంది. కాక్రాపార్ గురించి అడిగితే చదవడానికి ఆ పుటలో ఏమీ లేదు.